ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు లెండి

పోర్ట్ బ్లెయిర్ జైలు ముంగిట్లో ఒక మధ్యాహ్నం నేనొక పెద్దావిడను కాదనేశాను. తిట్టలేదు, కసరలేదు. నవ్వుతూనే, ముక్కూ మొహం తెలియని నలుగురితో, "ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు లెండి మేము" అన్నాను. అంతే. ఆవిడ నేను చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. మా అబ్బాయి చేసుకుంటానన్న పిల్లకు ఆవిడ నాయనమ్మ. ముందురోజు ఆవిడ వడ్డించిన అన్నం తిన్నవాణ్ణి. నా మాట ఆవిడ విన్నది. వినాలనే అన్నానా, వినదులే అనుకుని అన్నానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. వినాలనే అన్నాననిపిస్తుంది.

మా అబ్బాయీ ఆ అమ్మాయీ విశాఖపట్నంలో ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారు. వాళ్ళే అనుకుని, వాళ్ళే నిశ్చయించుకుని, చివర్న మాకు చెప్పారు. అమ్మాయి అండమాన్‌లో పుట్టి పెరిగింది. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి వల భుజాన వేసుకుని ఆ దీవులకు వెళ్ళి, అక్కడి పిల్లనే చేసుకుని ఉండిపోయాడట. "ఒక్కసారి వెళ్ళి పెద్దవాళ్ళను చూసి రండి నాన్నా. దాదీ మిమ్మల్ని చూడాలంటోందట," అన్నాడు మావాడు. దాదీ అంటే నాయనమ్మ అని నాకు విడమరిచి చెప్పాడు కూడా.

నేను రైల్వేలో పనిచేసి రిటైరై, తునిలో ఉంటున్నవాణ్ణి. బతుకంతా పట్టాల మీద గడిచింది కనక ఒకసారి నీళ్ళ మీద వెళదామనిపించి ఓడకు టికెట్లు తీశాను. మా ఆవిడ దారి పొడవునా పడుకునే ఉంది. నేను ఓడ అంచున కమ్మీ పట్టుకుని నీళ్ళు చూస్తూ నిలబడేవాణ్ణి. ఎటు చూసినా ఒకటే నీలం. కొంతసేపటికి ఓడ కదులుతోందో, సముద్రమే మా కిందినుంచి వెనక్కి జారిపోతోందో తెలిసేది కాదు. ఎవరైనా పలకరిస్తే ఎక్కడినుంచో తిరిగివచ్చి జవాబు చెప్పినట్టుండేది.

దిగిన తర్వాత కూడా ఆ ఊపు నన్ను వదల్లేదు. నేల మీద నిలబడితే నేల ఊగేది. కుర్చీలో కూర్చుంటే కుర్చీ ఊగేది. ఆ దీవుల్లో నేను చూసినవన్నీ ఆ ఊపులోంచే చూశాను. అందుకే అవి ఇప్పటికీ జరిగిన సంగతుల్లా కాకుండా, తెల్లవారుజామున వచ్చి సగంలో ఆగిన కలలా గుర్తొస్తాయి. ఒక్క ఆ వాక్యం మాత్రం కలలా గుర్తురాదు.

రేవులో అమ్మాయి నాన్న మా కోసం ఎదురుచూస్తున్నాడు. దీవికీ దీవికీ మధ్య తిరిగే బోట్ల మీద ఇంజన్ పని చేస్తాడాయన. జనంలోంచి చెయ్యెత్తి, "బావగారూ! ఇధర్, ఇధర్!" అని కేకేశాడు. ఫొటోలో తప్ప నన్నెప్పుడూ చూడని మనిషి, మొదటి పిలుపే బావగారూ అని పిలిచాడు.

"కళ్ళు తిరుగుతున్నాయా? పరేషాన్ అవకండి. దో దిన్ అలాగే ఉంటాది. నాకైతే ఉల్టా. నేల మీదుంటేనే చక్కర్ వస్తాది," అని నవ్వుతూ మా సంచులు రెండూ తానే అందుకున్నాడు.

వాళ్ళిల్లు చౌల్దారీ అనే పల్లెలో. ఊళ్ళోంచి బయటపడ్డాక దారి ఎక్కుతూ దిగుతూ వెళ్ళింది. వాన వెలిసిన ఆకుల మీదినుంచి ఆవిరి లేస్తోంది. రేకుల కప్పు ఇల్లు, వెనక వక్కతోట. ఆ చెట్లు ఎంత సన్నంగా, ఎంత నిటారుగా ఉన్నాయంటే, ఎవరో ఆకాశానికీ నేలకూ మధ్య గీతలు గీసి వదిలేసినట్టున్నాయి. అరుగు మీద పెద్దావిడ పీట వేసుకుని వక్కకాయలు ఒలుస్తోంది. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు. కత్తి పక్కన పెట్టి మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"రా బేటీ, రా. ఓడ నిన్ను బాగా సతాయించిందేటి? మొహం చూడు, పసుపు రాసినట్టుంది."

ఆవిడ తెలుగు మొగుడి దగ్గర నేర్చుకున్న తెలుగు. మధ్యమధ్య హిందీ వచ్చి కూర్చునేది, దేనికీ ఆవిడ తడుముకునేది కాదు.

మన వైపు మనుషులు ఇద్దరు కలిస్తే మొదట అడిగేవి ఏమిటి? ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు. రైల్లో పక్క సీటువాణ్ణి కూడా అలా మూడు ప్రశ్నల్లో ముడివేసుకుని గానీ మనకు తోచదు. చేపల పులుసుతో అన్నం తిని అరుగు మీద కూర్చున్నాక నేనూ మొదలుపెట్టాను. అమ్మాయి నాన్న తన తండ్రి వైపువాళ్ళ గురించి చెప్పాడు. బారువ దగ్గర పల్లె, ఇంటిపేరు, అక్కడ ఇంకా మిగిలిన పెదనాన్న కొడుకులు. అయిపోయాక నేను పెద్దావిడ వైపు తిరిగాను.

"మరి మీ పుట్టింటివారమ్మా? మీవాళ్ళు ఎలా వచ్చారు ఈ వైపు?"

అమ్మాయి నాన్న నవ్వు అలాగే ఉంది గానీ చేతిలో గ్లాసు కదలడం ఆగింది. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆ దీవుల్లో ఈ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగరని నాకు తెలియదు. పాత కుటుంబాల మధ్య పెళ్ళిళ్ళు జరుగుతాయి, తగవులు పడతాయి, ఒకరింటి చావులకూ పురుళ్ళకూ ఒకరు వెళతారు, కానీ మీ తాత ఇక్కడికి ఎందుకొచ్చాడని మాత్రం అడగరు. నేను అడిగాను.

పెద్దావిడ చేతిలో కాయ ఒలవడం పూర్తిచేసి, "మా తాత ఆ జైల్లో ఉండేవాడు బాబూ," అంది.

నేను కుర్చీలోంచి లేచాను. నిజంగానే లేచి నిలబడి రెండు చేతులూ జోడించాను. "ఎంత అదృష్టమమ్మా! మాకు ఇంతవరకూ ఎవరూ చెప్పనేలేదే!"

"అదృష్టమా?" అని ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "రేపు జైలు చూస్తామన్నారు కదా. నేనూ వస్తాను. మీతో ఒక మాట చెప్పాల. అక్కడే చెప్తాను," అంది.

"అమ్మా, ఎందుకు? ఎండ మండిపోతాది," అన్నాడు కొడుకు.

"చుప్. వస్తానన్నాను కదా."

ఆ సాయంత్రమే నేను తునిలో ఉన్న మా అన్నయ్యకు ఫోన్ చేశాను. మా ఇంట్లో ఏ మంచి జరిగినా ముందు ఆయనకు చెప్పుకోవడం, ఆయన "ఊఁ" అంటే అప్పుడు సంతోషపడడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. దీవి పిల్ల అనగానే ఆయన మూతి ముడిచిన మాట నా మనసులో ఉంది. "అన్నయ్యా, సామాన్య కుటుంబం కాదు. స్వాతంత్ర్య సమరయోధుల వంశం. కాలాపానీ అనుభవించిన మనిషి మునిమనవడి కూతురు మనింటికి వస్తోంది," అన్నాను.

"అలాగా!" ఆయన గొంతు మారిపోయింది. "అయితే శుభలేఖ మీద వేయించాలిరా ఆ సంగతి. తామ్రపత్రం ఏమైనా ఉందేమో అడుగు."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ పక్క సర్దుతూ అంది: "ఆవిడ ఒక్క ముక్కే చెప్పింది. మిగతా హరికథంతా మీరే చెప్పేశారు."

"జైల్లో ఉండేవాడంటే అర్థం ఏమిటే మరి?"

"జైల్లో ఉండేవాడని."

మర్నాడు అమ్మాయి నాన్న డ్యూటీకి వెళుతూ తెలిసినవాళ్ళ వ్యాన్ ఒకటి మాకు మాట్లాడి పెట్టాడు. పెద్దావిడ కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. జైలు దగ్గర పడేవేళ ఆస్పత్రి కనిపిస్తే మా ఆవిడ భుజం తట్టి చూపించింది.

"ఇదిగో బేటీ, మీ అన్నయ్య, అదే మా అబ్బాయి, ఇక్కడే పుట్టాడు. నా పిల్లలందరూ ఇక్కడే. సగం జైలు పడగొట్టి ఆస్పత్రి కట్టారు కదా. మా తాత ఉన్న లైను కూడా అలాగే పోయింది. దీని కిందే ఎక్కడో ఉండాల."

ఆ మాట నన్ను మరింత మైకంలోకి నెట్టింది. చెరసాల ఉన్నచోట పురుళ్ళు! నేనప్పటికే మనసులో ఒక కథ రాసేసుకుంటున్నాను.

లోపలికి వెళ్ళాక ఆ మైకం ఇంకా ముదిరింది. మధ్యలో బురుజు, దానినుంచి చక్రపు ఆకుల్లా బయటికి చాచుకున్న పొడవాటి మేడలు. ఇప్పుడు మిగిలినవి కొన్నే. పై అంతస్తు వరండాలోకి వెళితే ఒకపక్క గదులు, గదులు, గదులు. ప్రతి గదికీ ఒకే ఇనుప తలుపు, వెనక గోడలో చెయ్యెత్తినా అందని ఎత్తున ఒకే కంత. వరండా కటకటాల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. మా ఆవిడా పెద్దావిడా కిందే ఉండిపోయారు. నేను ఒక్కణ్ణీ ఆ చారలు దాటుకుంటూ నడుస్తుంటే ఓడలోని ఊపు మళ్ళీ కాళ్ళలోకి వచ్చింది. మేడంతా మెల్లగా నీళ్ళ మీద సాగిపోతున్నట్టుంది.

ఒక గదిలోకి వెళ్ళి కళ్ళు మూసుకున్నాను. ఎక్కడో సముద్రం ఊపిరి పీలుస్తోంది. గోడ చల్లగా ఉంది. అప్పుడు పెద్దావిడ తాత నాకు కనిపించాడు. పొడుగ్గా, తెల్లటి ముతక పంచెతో, సంకెళ్ళు చప్పుడు చేస్తుంటే తల ఎత్తుకుని నడుస్తున్నాడు. ఆయన మొహం చూడబోతే మా అన్నయ్య మొహంలా ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. నా జాలి మీద నాకే ముచ్చట వేసింది. ఇవాళ తలుచుకుంటే సిగ్గుపడేది ముఖ్యంగా ఆ ముచ్చటకే.

పైనుంచి చూస్తే సముద్రం అంత అందంగా ఉండడం అన్యాయంగా తోచింది. ఆ ఎదురుగా రాస్ దీవి, ఆకుపచ్చటి ముద్దలా. దొరలు అక్కడ కాపురం ఉంటూ ఇక్కడికి చూసేవారట. వాళ్ళకీ ఈ నీలమే కనబడి ఉంటుంది.

కిందికి దిగి పేర్లు చెక్కిన పలకల దగ్గరికి వెళ్ళాను. ఆ పేర్ల దగ్గర జనం ఎప్పుడూ ఒకలా ఉండరు. ఒకాయన ఒక పేరు ముందు నిలబడి చెప్పులు విప్పి దండం పెట్టాడు. పక్కనున్నాయన అది చూసి మొహం తిప్పుకుని, "దొరల్ని క్షమించమని రాసినవాళ్ళకీ దండాలేనా," అని గొణిగాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఎవరు వీరుడు, ఎవరు కాడు అని ఆ గోడ ముందు రోజూ ఎవరో ఒకరు తగువు పడుతూనే ఉంటారని గేటు దగ్గర టికెట్లు చూసే మనిషి చెప్పి నవ్వాడు. దారిలో పెద్దావిడ చెప్పిన తాత పేరు తెలుగుదే కనక, మద్రాసు వైపు పేర్లున్న చోట వేలు పెట్టి వెతికాను. ఆ పేరు లేదు. మళ్ళీ వెతికాను. లేదు. చెక్కినవాళ్ళు మరిచిపోయి ఉంటారని తీర్మానించుకుని, కోపం కూడా తెచ్చుకున్నాను.

"మన తెలుగువాళ్ళేనాండీ?"

వెనక్కి తిరిగితే రాజమండ్రి వైపు నుంచి వచ్చిన యాత్రికుల బృందం. అందరికీ ఒకే రంగు టోపీలు. అడిగినాయన బుర్రమీసాలాయన. "ఎవరి పేరు వెతుకుతున్నారు మాస్టారూ?"

అదే నేను కోరుకున్న ప్రశ్న. "మా వియ్యాలవారి పెద్దాయనది. ఇక్కడే శిక్ష అనుభవించారు. అదిగో, ఆ మెట్టు మీద కూర్చున్నావిడ ఆయన మనవరాలు," అన్నాను. వియ్యాలవారు అన్న మాట అప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో.

"సమరయోధుడి మనవరాలా! ఏమండోయ్, ఇలా రండి, అందరూ ఇలా రండి!"

పెద్దావిడ నీడలో మెట్టు మీద చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని మా ఆవిడతో ఏదో చెబుతోంది. ఆవిడ తలెత్తేలోపు టోపీలన్నీ చుట్టూ మూగాయి. ఆవపువ్వు రంగు చీర కట్టుకున్న ఒకావిడ వంగి ఆవిడ పాదాలు తాకింది. ఇంకొకరు తాకారు. బుర్రమీసాలాయన ఫోన్ ఎత్తి, "అమ్మా, ఇటు, ఇటు చూడండి," అంటున్నాడు.

పెద్దావిడ కాళ్ళు చటుక్కున చీరలోకి లాక్కుంది.

"వద్దమ్మా, వద్దు. నా కాళ్ళు ముట్టుకోకండి. మా తాత దేశం కోసం రాలేదు. ఖూన్ చేసి వచ్చాడు." ఎవరికీ అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పింది. "ఒక మనిషిని చంపేసి, సజా పడి వచ్చాడు. ఈ గోడ మీద ఉండడు."

పాదాలు తాకినావిడ తన చేతులు చూసుకుంది. చూసుకుని, ఏం చెయ్యాలో తెలియక కొంగుకు తుడుచుకుంది. ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వారు. ఫోన్ ఇంకా ఎత్తే ఉంది.

"అదేమిటి మాస్టారూ," బుర్రమీసాలాయన నా వైపు తిరిగాడు, "మీ వియ్యాలవారన్నారు? హంతకుల ఇంటితోనా సంబంధం?"

అప్పుడు అన్నాను. నవ్వుతూ. "అబ్బే, ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు లెండి మేము."

ఆయన నా భుజం తట్టి, "అదే మంచిదయింది," అన్నాడు. బృందం కదిలింది. మర్నాడు పొద్దున్నే రాస్ దీవికి బోటు ఎక్కాలని, ఎక్కడ టిఫిన్ బాగుంటుందో అని మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

పెద్దావిడ ఒక కాలితో చెప్పు కోసం వెతుకుతోంది. దొరకడం లేదు. మా ఆవిడ వంగి, చెప్పులు రెండూ దగ్గరికి జరిపి తొడిగింది. నేను చూస్తూ నిలబడ్డాను.

వ్యాన్‌లో తిరిగి బయలుదేరాం. గోల్ ఘర్ దగ్గర వాన పట్టుకుంది. అద్దాల మీద నీళ్ళు జారుతుంటే దుకాణాలు, గొడుగులు, మనుషులు కరిగి కిందికి కారిపోతున్నారు. నేనూ అలా కరిగిపోతే బాగుండుననుకున్నాను. డ్రైవరు, "దీదీ, ఏసీ వెయ్యనా?" అని అడిగితే మా ఆవిడ అక్కర్లేదంది. ఆ ఒక్క మాటే ఆ దారంతా.

నేనెందుకలా అన్నాను? ఖూనీ చేసినవాడి మునిమనవడి కూతురు నాకు కోడలుగా పనికిరాదనుకున్నానా? నిజానికి అంత దూరం ఆలోచించలేదు. ఆ అమ్మాయిని నేను ఫోన్లో మాత్రమే చూశాను, నచ్చింది కూడా. నేను ఆలోచించింది బుర్రమీసాలాయన మొహం గురించి. మళ్ళీ ఎన్నడూ చూడబోని ఒక మనిషి కళ్ళలో నేను తగ్గకూడదని, నాకు అన్నం పెట్టిన మనిషిని కిందికి తోశాను. ఉద్యోగంలో ఉండగా కూడా ఇదే చేసేవాణ్ణి. పైవాడు మొహం చిట్లిస్తే పక్కవాడు నావాడు కాడనేవాణ్ణి. అప్పట్లో దానికి లౌక్యమని పేరు పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక పెద్దావిడ చీర మార్చుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. నన్ను పిలిచింది. మా ఆవిడ గుమ్మానికి చేరబడి నిలబడింది.

"బాబూ, నేను చెప్దామనే వచ్చాను అక్కడికి. మా ఇంట్లో వద్దన్నారు. ఎవరడుగుతారు, ఎందుకు చెప్పడం అన్నారు. ఇక్కడివాళ్ళయితే నేనూ చెప్పను. మీరు ముఖ్యభూమివాళ్ళు, ఎప్పటికైనా అడుగుతారు. అప్పుడు పిల్ల మీ ఇంట్లో ఒంటరిగా ఉంటాది. అందుకని ముందే నా నోటితో చెప్దామనుకున్నాను. మీరు నన్ను చెప్పనిచ్చారు కాదు."

నేను తల వంచుకున్నాను.

"మా తాతది గోదారి వైపు. ఏ ఊరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మొదట జైల్లో పెట్టారు, తర్వాత చెట్లు కొట్టే పనికి పంపారు, తర్వాత టికెట్ అని విడుదల చీటీ ఇచ్చి ఇక్కడ నేల ఇచ్చారు. మా నానమ్మా సజా పడి వచ్చినదే, గంగ ఒడ్డుది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇంట్లో హిందీయే. ఎద్దుల్తో మాత్రం తెలుగు మాట్లాడేవాడు. పొద్దంతా దున్నుతా, వాటితో ఏటేటో చెప్పుకునేవాడు. వానలు మొదలయినప్పుడు ఒక రోజు తినేవాడు కాదు. ఆ రోజు మా ఇంట్లో ఇప్పటికీ పొయ్యి వెలిగించం. ఎందుకో ఎవరికీ తెలీదు."

వక్కచెట్ల మీదినుంచి నీళ్ళు రాలుతున్నాయి. ఆ చెట్ల మధ్య ఎవరో ఎడ్లను అదిలిస్తూ మెల్లగా తెలుగులో మాట్లాడుతున్నట్టు నాకు నిజంగా వినిపించింది. ఈసారి ఆయన మొహం కనిపించలేదు. వీపు ఒక్కటే కనిపించింది.

"మీ మాట ఏదో పిల్లకి చెప్పాల," అంది పెద్దావిడ. "కాదనుకుంటే ఆ మాట మీరు దానికి చెప్పకండి. నేను చెప్తాను. నాలుగు రోజులు రోనా ధోనా చేస్తాది, తర్వాత ఊరుకుంటాది. రేపు సాయంత్రం దాకా ఆలోచించుకోండి."

లోపలికి వచ్చాక నేను మా ఆవిడతో, "నువ్వైనా ఏదో ఒకటి అను," అన్నాను.

"ఏమనాలి? నాకైతే తాంబూలాలు అయిపోయాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకున్న రోజే అయిపోయాయి. మీ సంగతి మీరు చూసుకోండి."

మర్నాడు పొద్దున్నే, దీవుల్లో పెందలాడే తెల్లవారే ఆ వెలుగులో, నేను బస్సెక్కి రాస్ దీవికి బోట్లు బయలుదేరే చోటికి వెళ్ళాను. టోపీలు వరుసలో నిలబడి ఉన్నాయి. సముద్రం పాలలా తెల్లగా, కదలకుండా ఉంది. బుర్రమీసాలాయన లైఫ్ జాకెట్ బొందులు ముడివేసుకుంటున్నాడు. నడిచి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"నిన్న జైల్లో నేనన్న మాట తప్పండీ. ఆవిడ మాకు కావలసినవారే. వాళ్ళమ్మాయే మా కోడలు."

ఆయన నన్ను పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. "ఎవరూ... ఓహో, ఆ ముసలావిడా! దానికి ఇంత దూరం వచ్చారా మాస్టారూ? మేం అప్పుడే మర్చిపోయాం."

"ఫోన్లో ఫొటో ఉంటే తీసెయ్యండి."

"వీడియో తీశాడు మా బావమరిది. ఒరే, నిన్నటిది ఉందా?" బావమరిది వెతికి చూపించాడు. అందులో నా నవ్వు ఉంది. మొదటిసారి బయటినుంచి చూశాను దాన్ని. వాళ్ళు తీసేశారు, మంచివాళ్ళే. ఆవపువ్వు రంగు చీరావిడ మాత్రం, ఆ రోజు వేరే చీరలో, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "నేను చేతులు తుడుచుకున్నాను కదండీ. ఆవిడ చూసిందంటారా?"

"చూసింది," అన్నాను.

తిరిగి వచ్చేసరికి పెద్దావిడ ఒక్కతే అరుగు మీద ఉంది. ఎక్కడికి వెళ్ళారని అడగలేదు. నేను పీట మీద కాకుండా కింద గచ్చు మీద కూర్చుని, మా అన్నయ్యకు నేను చెప్పుకున్న గొప్పల సంగతి చెప్పాను. శుభలేఖ మాట కూడా దాచలేదు.

"ఆయనకు ఇప్పుడు నిజం చెప్పమంటారా, వద్దా? అది మీ ఇంటి సంగతి. మీరు చెప్పమంటేనే చెబుతాను."

"ఎవరైనా పూఛితే చెప్పాల. అడక్కపోతే ఎందుకు? గాని నువ్వు అడక్కుండానే ఝూట్ చెప్పేశావు." అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అంది. "చెప్పు. ఝూట్ ఎంత చెప్పావో సచ్ కూడా అంతే చెప్పు. జ్యాదా చెప్పకు."

అన్నయ్యకు అక్కడే కూర్చుని ఫోన్ చేశాను. అంతే చెప్పాను.

"ఎవర్ని చంపాడట?"

"అడగలేదన్నయ్యా."

"అడక్కుండా పిల్లని తెచ్చుకుంటావా?"

"తెచ్చుకుంటాం."

"అయితే నన్ను పిలవకు."

"పిలుస్తాను. రావడం నీ ఇష్టం," అన్నాను. అన్నయ్యతో ఆ గొంతుతో మాట్లాడడం నాకు తెలిసి అదే మొదలు. ఆయన పెట్టేశాడు.

"అమ్మా, మీ పిల్లను మాకు ఇవ్వండి," అన్నాను.

ఆవిడ ఒలిచిన వక్కలు చేటలోకి ఎత్తుకుంది. చెయ్యి కడుక్కుంది. తన ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, మనవరాలి పేరు వెతికి నొక్కి నాకు అందించింది.

"ఇవ్వడానికి నేనెవర్ని? నిన్న ఏం జరిగిందో ముందు దానికి చెప్పు. విన్నాక అది ఏమంటే అదే."

"హలో దాదీ?" అంది అవతలినుంచి అమ్మాయి, నవ్వుతూ.

"దాదీ కాదమ్మా, నేను. నిన్న జైల్లో మీ దాదీ పట్ల నేనొక తప్పు చేశాను. అది నా నోటితోనే నీకు చెప్పాలి."

చెప్పాను. పెద్దావిడ నా పక్కనే కూర్చుని వింటోంది. నేను తగ్గించి చెప్పినచోటల్లా చెయ్యెత్తి ఆపింది. ఆపినచోటినుంచి మళ్ళీ చెప్పాను.